ఎనుముకు గాలి తీసిన ఆదివారం

2012 జూన్ 17, ఆదివారం. రుతుపవనాలు వచ్చేశాయని రేడియోలో చెప్పి వారం దాటినా నంద్యాల వైపు చినుకు పడలేదు. పొద్దున్నే పడమటి గాలి మొదలైంది. ఆకాశంలో మబ్బులు ఉన్నాయి గానీ అవి మావి కావు, వేరే ఊరికి పోతున్న మబ్బులు. దుమ్ము లేచి కళ్లల్లో పడుతోంది. మా స్వామి ఇంట్లో వంట చూసే కుళ్లాయమ్మ నీళ్ల బిందెల మీద గుడ్డలు కట్టి, గాలిని తిట్టుకుంటూ తిరుగుతోంది.

ఆ రోజు ఓబులేసుకు ఉన్న దిగులు ఒక్కటే. బేస్తవారం నాడు గంధం గిన్నె తన తలమీద పెడతారా, పెట్టరా?

ముందు గిన్నె సంగతి చెప్పాలి. మా గుండ్లమిట్టలో దస్తగిరి స్వామి అని ఒక పెద్దాయన ఉండేవాడు. దూదేకుల వాళ్లు. వయసులో ఉన్నప్పుడు విల్లు భుజాన వేసుకుని ఊరూరా దూది ఏకి పరుపులు కుట్టేవాడు. తర్వాత నల్లమల అవతల గిద్దలూరు దగ్గర ఒక గురువు దొరికాడు. ఆ గురువు దగ్గర ఏం నేర్చుకున్నాడో ఎవరికీ తెలియదు. తిరిగి వచ్చాక మాత్రం జనం ఆయన దగ్గరికి రావడం మొదలుపెట్టారు. హిందువులు స్వామి అనేవారు, సాయిబులు బాబా అనేవారు. ఆయన రెండింటికీ పలికేవాడు.

ఏటా తన గురువు సమాధికి గంధం తీసుకుపోవడం ఆయన నియమం. ఇక్కడ చందనం అరగదీసి, ఇత్తడి గిన్నెలో పోసి, పైన పూల చాదర్ కప్పి, బండిలో ఘాట్ దాటి వెళ్లేవారు. అక్కడ బండి దిగిన చోటినుంచి సమాధి దాకా గిన్నెను తలమీద పెట్టుకుని నడవాలి. అన్నేళ్లూ ఆయనే నడిచాడు. ఆ ఏడు రంజాన్‌కు చాలా ముందే ఒక మాటన్నాడు.

"నా మెడ ఇంగ నిలవదు. ఈసారి వేరే తల చూసుకోవాల."

అంతే అన్నాడు. కానీ ఆ వేరే తల ఎవరిదో వాళ్లే ఆయన తర్వాత ఆ గడపలో కూర్చుంటారని అందరికీ అర్థమైపోయింది. అర్థం కానట్టు నటించింది కూడా అందరమూనూ.

ఓబులేసుకు నంద్యాలలో కార్లకు సీటు కవర్లు, లైట్లు, పాటల పెట్టెలు బిగించే దుకాణం ఉంది. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదివాడు. బండి చప్పుడు విని రోగం చెప్పగలడు. పదేళ్లుగా స్వామి దగ్గరికి వస్తున్నాడు. చందా అడగకముందే ఇస్తాడు, పని చెప్పకముందే చేస్తాడు. లోపం వెతకడం కష్టం. చేసిన పనిని నాలుగుసార్లు చెప్పుకుంటాడు, అంతే. ఆ మాటకొస్తే నేను కూడా బీయే చదివిన సంగతి నలభై ఏళ్లు చెప్పుకున్నాను. తర్కశాస్త్రంలో నాకు మంచి మార్కులు వచ్చాయి. ఉద్యోగం మాత్రం సహకార సంఘంలో ఎరువుల బస్తాల దగ్గర దొరికింది. ఇప్పుడు ఆ గోల ఎందుకు.

ఇక ఎనుము. మా వైపు గేదెను ఎనుము అంటారు. ఇది మాత్రం నిజం ఎనుము కాదు, బండి. ఒక కాంట్రాక్టరు తన కొడుకు బతికి బయటపడ్డ సంతోషంలో స్వామికి తెచ్చి ఇచ్చిన ఏడు సీట్ల పెద్ద డీజిల్ బండి. అప్పటికే పాతది. నల్లటి రంగు, వెడల్పాటి వీపు. వీధిలోకి వచ్చిందంటే ఎదురొచ్చే వాళ్లందరూ పక్కకు తప్పుకోవాల్సిందే, అది మాత్రం ఎవరికోసమూ తప్పుకోదు. వానకాలంలో బురద కనపడితే అక్కడే నిలబడిపోయేది. ఊళ్లో దానికి ఎనుము అని పేరు పడింది. స్వామికి కూడా ఆ పేరు నచ్చింది. "ఎనుము మేత తినిందా?" అంటే డీజిల్ పోశారా అని అర్థం.

కిందటేడు గంధానికి పోయేటప్పుడు ఘాట్ దిగుతుండగా ఒక మలుపులో బ్రేకు పెడల్ నేలదాకా పోయింది. బాడుగకు పెట్టుకున్న డ్రైవరు గేరు తగ్గించి, కొండవైపు బండను రాసుకుంటూ ఎలాగో ఆపాడు. ఎడమ పక్క రేకు మొత్తం గీరుకుపోయింది. వెనక సీట్లలో ఉన్న ముసలమ్మలు దిగి, రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ డబ్బా ఎక్కేది లేదని తేల్చి చెప్పి బస్సులో వచ్చేశారు. కుళ్లాయమ్మ ఒక్కతే స్వామితో పాటు బండిలో వచ్చింది. ఒళ్లో గిన్నె ఉంది, బస్సులో ఎవరైనా తగులుతారని.

"ఈసారి ఎనుమును నేను తయారు చేస్తా," అన్నాడు ఓబులేసు. "షెడ్డుకు పంపే పని లేదు. ఈ వాకిట్లోనే చేస్తా. ఘాట్ కూడా నేనే దింపుతా."

చేశాడు. వేసవి అంతా ఆదివారం ఆదివారం వచ్చేవాడు. వాకిట్లో వేపచెట్టు కింద బండిని జాకీల మీద నిలబెట్టి, పెట్టెల కొద్దీ పానాలు పరిచేవాడు. రేడియేటరు గొట్టాలు మార్చాడు, క్లచ్ ప్లేటు మార్చాడు, గీరుకుపోయిన రేకు సాపు చేసి రంగు కొట్టాడు. అంతవరకూ అవసరమే. తర్వాత దుకాణంలోంచి సామాను రావడం మొదలైంది. ముందు బంపరు మీద బారెడు పొడవు లైట్ల పట్టీ. వేలితో తాకితే పాడే పాటల పెట్టె. వెనక్కి పోయేటప్పుడు వెనకున్నది చూపించే కెమెరా. చక్రాలకు వెండి రంగు రిమ్ములు. ఎనుముకు పట్టీలు, గజ్జెలు కట్టి పెళ్లికి పంపుతున్నట్టుంది అని కుళ్లాయమ్మ అంది.

స్వామి దేనికీ వద్దనలేదు. సీటు కవర్ల దగ్గర మాత్రం ఒక చిన్న పని తను చేశాడు. వెనక సీటు లోపలి స్పాంజి పొడిపొడి అయిపోయింది. ఓబులేసు దానిమీద పచ్చ రెక్సిను తొడగబోతుంటే, "ఉండప్పా," అని సీటు ఊడదీయించి అరుగుమీద పెట్టుకున్నాడు. అటకమీదినుంచి విల్లు దింపించాడు. ఎన్నేళ్ల తర్వాతో మళ్లీ దూది ఏకాడు. ఆ టంకారం వినడానికి వీధిలో పిల్లలు వచ్చి నిలబడ్డారు. ఏకిన దూది సీటులో కూరి, పెద్ద సూదితో రోజుకు కాస్త కుట్టేవాడు. ముసలమ్మల నడుములకు స్పాంజి పనికిరాదని ఆయన అభిప్రాయం.

ఆ ఆదివారానికి మిగిలింది బ్రేకులే. ఓబులేసు అంతకుముందు వారం చక్రాల దగ్గర రబ్బర్లన్నీ మార్చి కొత్త ఆయిల్ పోశాడు. గొట్టాలు విప్పి బిగించారు కాబట్టి లోపల గాలి చేరింది. తొక్కితే పెడల్ మెత్తగా, నానిన అటుకుల మీద కాలు పెట్టినట్టు దిగిపోతోంది. ఆ గాలి తీయాలి.

"దానికి ఇద్దరు కావాల," అన్నాడు ఓబులేసు, నా వైపు చూస్తూ. "ఒకరు పైన కూర్చుని తొక్కాల. ఒకరు కింద పడుకోవాల. సార్, మీరు తొక్కుతారా?"

నా మోకాళ్ల సంగతి చెప్పాను. నాకు బానెట్ దగ్గర మడత కుర్చీ వేశారు. డబ్బాలో బ్రేక్ ఆయిల్ తగ్గకుండా పోస్తూ ఉండడం నా పని.

కుళ్లాయమ్మను అడిగితే, "ఆ ఎనుము లోపలికి నేను ఊరికే ఎక్కేదానికే భయపడతా. తొక్కమంటే ఏమన్నా జరిగితే?" అంది.

స్వామి అరుగుమీదినుంచి దిగాడు. "నేను కింద పడుకుంటా. నువ్వు తొక్కు."

"మీరా సామీ! మీకేం తెలుసు?" నోరు జారింది ఓబులేసుకు. నాలిక కరుచుకున్నాడు.

"ఏం తెలీదు," అన్నాడు స్వామి. "చెప్పు. నేర్చుకుంటా."

ఓబులేసు మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఎవరికైనా వస్తుంది. పదేళ్లు తనకు చెప్పినవాడు ఇవాళ తనను చెప్పమంటున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ప్రతి చక్రం వెనక ఇట్లా చిన్న మర ఉంటాది సామీ. నిపిల్ అంటాం. దానికి ఈ సన్న గొట్టం తొడిగి, కొసను సీసాలో పెట్టినాం. నేను పెడల్ తొక్కి 'పట్టినా' అంటా. అప్పుడు మీరు పానాతో నిపిల్ వదులు చెయ్యాల. గాలి బుడగలు బుడగలుగా సీసాలోకి వస్తాది. నా కాలి కింద పెడల్ దిగిపోతాది. మీరు మళ్లా బిగించి 'వదులు' అంటే అప్పుడు నేను కాలు తీస్తా."

"నేను అనకముందే నువ్వు తీస్తే?"

"గాలి మళ్లా లోపలికి పోతాది. చేసిన పనంతా దండగ. మీరు వదులు అనేదాకా నేను వదలకూడదు. దీంట్లో ఉండే ఇద్యంతా అంతే."

"బాగుంది," అన్నాడు స్వామి. తలగుడ్డ తీసి అరుగుమీద పెట్టి, గోనెసంచి పరుచుకుని, బండి కిందికి జరిగాడు. ఎనభై దాటిన మనిషి. తల పూర్తిగా తెల్లబడింది. కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలట. వెనక ఎడమది ముందు.

"తొక్కు."

"పట్టినా."

"వదులు."

కాసేపు బాగానే జరిగింది. తర్వాత ఓబులేసుకు అనుమానం వచ్చింది, కింద ఆయన సరిగ్గా చేస్తున్నాడో లేదోనని. తలుపులోంచి వంగి, "కుడిపక్కకు కాదు సామీ, ఎడమకు తిప్పాల, కొంచెమే, పావు వంతు," అని చెప్పడం మొదలుపెట్టాడు. నేను బానెట్ పక్కగా కూర్చున్నాను, తలుపు తెరిచే ఉంది కాబట్టి అతని కాలు నాకు కనిపిస్తోంది. నోరు తెరిచినప్పుడల్లా మడమ లేస్తోంది. ఒకసారి మరీ వంగాడు, కాలు పూర్తిగా పైకి వచ్చేసింది. సీసాలో ఆయిల్ గుటుక్కుమని వెనక్కి పోయింది.

కిందినుంచి మాట వచ్చింది.

"మళ్లా."

మళ్లీ మొదటినుంచి. తొక్కు, పట్టినా, వదులు. ఆ చక్రం అయింది. వెనక కుడిది కూడా సగం అయ్యేసరికి ముందు పలక మీద ఉన్న ఫోను మోగింది. నంద్యాలనుంచి ఎవరో పెద్ద మనిషి, కారు ఎప్పుడిస్తావని అడుగుతున్నాడు. ఓబులేసు ఫోను చెవికి పెట్టుకుని, "గంధం పని మీద ఉన్నా సార్, మా గురువుగారి బండి, అంతా నేనే చూసుకుంటా ఉన్నా," అంటున్నాడు. ఆ 'నేనే' దగ్గర కాలు లేచింది.

"మళ్లా," అన్నాడు స్వామి.

కుళ్లాయమ్మ ఉగ్గాని పళ్లెం తెచ్చి నా చేతికిచ్చి, బండివైపు చూసింది. "ఏం సార్, సామి ఎనుముకు గాలి తీస్తాండాడా, ఓబులేసుకు తీస్తాండాడా?"

నాకు నవ్వు ఆగలేదు. ఓబులేసుకు వినిపించింది. "నవ్వు అక్కా, నవ్వు. బేస్తవారం ఘాట్ దిగేటప్పుడు తెలుస్తాది నా పని."

"దిగుతాం లేరా. కిందటేడు కూడా దిగినాం. బండను రాసుకుంటా దిగినాం."

ముందు ఎడమ చక్రం ఇబ్బంది లేకుండా అయిపోయింది. మిగిలింది ముందు కుడిది. డ్రైవరు కూర్చునే చోటుకు సరిగ్గా కింద. స్వామి గోనెసంచితో సహా అటు జరిగాడు.

"తొక్కు."

"పట్టినా."

గాలి వస్తోంది. సీసాలో బుడగలు లేస్తున్నాయి. అప్పుడు ఓబులేసు ఊరికే పక్కకు చూశాడు. తెరిచి ఉన్న తలుపు కింద, చక్రం పక్కన, స్వామి నెత్తి కనిపించింది. తెల్లటి నెత్తి. తన కాలు తొక్కుతున్న దిక్కులో, సరిగ్గా దానికింద. కాలే పెనం తగిలినట్టు కాలు లాగేసుకున్నాడు. లాగడమే కాదు, రెండు చేతులూ కళ్లకు అద్దుకున్నాడు. బస్సులో పక్కవాడికి కాలు తగిలితేనే దణ్ణం పెట్టుకునే వాళ్లం. ఇక గురువు తలకాయంటే చెప్పాలా.

సీసాలో బుడగలు వెనక్కి పోయాయి.

"కాలెందుకు తీసినావు?"

"మీ తల కింద ఉండాది సామీ."

"నా తల ఉండాది సరే. గాలి యాడుండాది?"

ఓబులేసు సీసావైపు వంగి చూశాడు.

"గాలి లోపలికి పోయింది. భక్తి తర్వాత చూపిద్దువు. ముందు కాలు పెట్టు."

పెట్టాడు. ఈసారి కళ్లు మూసుకుని తొక్కాడు. తొక్కు, పట్టినా, వదులు. తొక్కు, పట్టినా, వదులు. నేను ఆయిల్ పోస్తున్నాను. బుడగలు తగ్గాయి. సీసాలోకి సన్నటి ధార, నూనె ధారలా, తెగకుండా రావడం మొదలైంది. పెడల్ గట్టిపడుతోందని ఓబులేసు మొహం చూస్తేనే తెలుస్తోంది. పని అయిపోవచ్చింది. పని అయిపోతే ఇంత దగ్గరగా, ఇంత చనువుగా అడిగే సమయం మళ్లీ దొరకదు. అడిగేశాడు.

"సామీ, బేస్తవారం గిన్నె ఎవరి తలమీద పెడతారు?"

కింద పానా చప్పుడు ఆగింది. గాలికి వేపాకులు రాలి బానెట్ మీద పడుతున్నాయి. కుళ్లాయమ్మ వంటింటి గుమ్మం దగ్గర చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"తొక్కు," అన్నాడు స్వామి.

తొక్కాడు. "పట్టినా."

కిందినుంచి ఏ మాటా లేదు. కాసేపటికి స్వామి బయటికి జరిగాడు. పానా గోనెసంచి మీద పెట్టాడు. లేచి, దుమ్ము దులుపుకుని, బావి దగ్గరికి వెళ్లి చేతులు, మొహం, కాళ్లు కడుక్కున్నాడు. నమాజు వేళ అయింది. లోపలికి వెళ్లిపోయాడు.

ఓబులేసు తలుపులోంచి నావైపు చూశాడు. నేను అతనివైపు చూశాను. అతని కాలు పెడల్ మీద ఉంది.

నాకు కనిపించినంతవరకూ ఆ నిపిల్ బిగించే ఉంది. ఆయన ఈసారి దాన్ని ముట్టుకోలేదు. ఆ మాట చెబుదామని లేవబోయాను. అప్పటికి నమాజు ముగించుకుని స్వామి అరుగుమీదికి వచ్చి, దూది సీటు ముందు కూర్చున్నాడు.

"సార్, ఇట్ల రా. ఈ సూదికి దారం ఎక్కించు. నాకు కనపడదు."

వెళ్లాను. నాకూ కనపడదు. ఇద్దరు ముసలివాళ్లం ఒక సూది బెజ్జం కోసం చాలాసేపు కష్టపడ్డాం. చివరికి ఎక్కింది. ఆయన కుట్టడం మొదలుపెట్టాడు. ఇంకా జానెడు జానెడు మిగిలి ఉంది, రెండు పక్కలా. తొందర పడకుండా, కుట్టు కుట్టుకూ దారం లాగి బొటనవేలితో నొక్కి చూసుకుంటూ కుడుతున్నాడు. పరుపు పనివాళ్ల కుట్టు మన దర్జీ కుట్టులా ఉండదు. వెనక్కి వెళ్లి ముందుకు వస్తుంది. అందుకే దూది ఒకచోట చేరదు. ఇది నాకు ఆయనే ఎప్పుడో చెప్పాడు.

ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. ఓబులేసు దానివైపు చూశాడు గానీ తీయలేదు.

కుళ్లాయమ్మ జొన్నరొట్టె, శెనగపొడి పెట్టుకుని బండి దగ్గరికి పోయింది. "దిగురా, తిని తొక్కుదువు."

"వదులు అనలేదక్కా."

"ఆయన మరిచిపోయినాడేమో!"

"ఏమో."

ఆమె అరుగువైపు ఒకసారి, అతని కాలువైపు ఒకసారి చూసింది.  చెంబుతో అతని చేతిమీద నీళ్లు పోసింది. ఓబులేసు కూర్చున్నచోటే రొట్టె తుంచుకుని తిన్నాడు. పిక్క వణుకుతోంది. కాసేపటికి ఎడమ పాదం తెచ్చి కుడి పాదం మీద పెట్టి, రెండూ కలిపి నొక్కాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఏ సలహా చెప్పడం లేదు. ఏ ప్రశ్నా అడగడం లేదు. కొంతసేపటికి నావైపు చూడడం కూడా మానేశాడు. వేపచెట్టు వైపు చూస్తున్నాడో, ఏమీ చూడడం లేదో చెప్పలేను.

స్వామి చివరి కుట్టు ముడివేసి, దారం పళ్లతో తెంపాడు. సీటును అరచేత్తో రెండుసార్లు చరిచాడు. లేచి, తిన్నగా వచ్చి, మళ్లీ గోనెసంచి మీద పడుకుని బండి కిందికి జరిగాడు.

"వదులు."

ఓబులేసు కాలు తీశాడు. చేత్తో పట్టుకుని తీయాల్సి వచ్చింది, అంతగా తిమ్మిరెక్కింది.

స్వామి కిందినుంచే అడిగాడు.

"పెడల్ దిగిందా?"

"దిగల్యా సామీ."

"ఎట్లుండాది?"

"రాయి మాదిరి ఉండాది."

"నిపిల్ నేను ముట్టుకోలేదని ఎప్పుడు తెలిసింది నీకు?"

"మీరు లేసిపోయినప్పుడే తెలుసు సామీ. కాలికి తెలుస్తాది కదా."

 ఆయన బయటికి జరిగి, ఓబులేసు చేయి పట్టుకుని లేచాడు. నెత్తిమీద నూనె మరక అంటింది. తలగుడ్డ తీసుకుని దాని మీదే చుట్టుకున్నాడు.

"ఇంగ ఎనుము ఘాట్ దిగుతాది," అన్నాడు.

గిన్నె మాట ఆ రోజు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం ఓబులేసు పానాలు తుడిచి పెట్టెలో సర్దుకున్నాడు. పోయేముందు తనంతట తనే లైట్ల పట్టీ ఊడదీసి అరుగుమీద పెట్టాడు. గిద్దలూరు నుంచి ఎదురొచ్చే వాళ్ల కళ్లల్లో పడుతుందట.

బేస్తవారం తెల్లవారుతూనే బయలుదేరాం. ముసలమ్మలు ముందు ఒప్పుకోలేదు. దూది సీటుమీద కూర్చుని చూడండి అన్నాక ఎక్కారు, ఎక్కాక దిగలేదు. కుళ్లాయమ్మ ఒళ్లో గిన్నె. ఓబులేసు స్టీరింగ్ దగ్గర, పక్కన స్వామి. నేను మధ్య సీటులో కిటికీ పక్కన. పాటల పెట్టె పాడలేదు.

ఘాట్ ఎక్కాం. అడవిలో వెదురు ఎండి నిలబడింది, రోడ్డు మీద కోతులు ఉన్నాయి. దిగడం మొదలయ్యాక వెనక సీట్లలో మాటలు ఆగిపోయాయి. కిందటేడు రాసుకున్న బండ వచ్చింది. దానిమీద మా నల్ల రంగు ఇంకా ఉంది. ముసలమ్మలు ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. ఓబులేసు కాలు మెల్లగా ఆనించాడు. ఎనుము తల ఊపినట్టు కొంచెం ముందుకు వంగి, నెమ్మదించి, మలుపు తిరిగింది.

నేను స్వామి వైపు చూశాను. ఆయన నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని, తల ఓబులేసు భుజం వైపు వాలిపోయింది. ఓబులేసు కూడా చూశాడు. మళ్లీ రోడ్డువైపు తిరిగాడు. కింది ఊరు వచ్చేదాకా ఆ భుజం కదపలేదు.

సమాధి దగ్గర బండి ఆగింది. అందరం దిగాం. అక్కడి వాళ్లు చాలామంది చేరారు. స్వామి గిన్నెను రెండు చేతులా ఎత్తి చుట్టూ చూశాడు. కుళ్లాయమ్మ చెప్పులు విప్పుతోంది. తీసుకెళ్లి ఆమె తలమీద పెట్టాడు.

"ఆడమనిషి తలమీదనా?" అన్నాడు అక్కడి పెద్ద ఒకాయన.

"తల ఉండాది కదా," అన్నాడు స్వామి.

కుళ్లాయమ్మ చేతులు పైకెత్తి గిన్నె పట్టుకుంది, ఏడుస్తూనే నడిచింది. మేమందరం ఓబులేసు వైపు చూశాం. చూడకూడదనుకుంటూనే చూశాం. అతను అక్కడ లేడు. ఎనుము వెనక వంగి, చక్రం కింద రాయి పెడుతున్నాడు. అక్కడ నేల కొంచెం వాలుగా ఉంది. రాయిని కాలితో తన్ని గట్టిగా ఉందో లేదో చూసుకుని, చేతులు దులుపుకుని, వచ్చి అందరికన్నా వెనక నడిచాడు.

దస్తగిరి స్వామి ఆ తర్వాత రెండు చలికాలాలు బతికాడు. 2014 జనవరిలో నిద్రలోనే పోయాడు.

గిన్నె, గడప కుళ్లాయమ్మకు. ఆమె ఇప్పుడు అరుగుమీద కూర్చుంటుంది, వచ్చినవాళ్లకు ముందు అన్నం పెట్టి తర్వాత సంగతి అడుగుతుంది. ఇల్లు, వేపచెట్టు స్వామి తమ్ముడి కొడుకు మహబూబ్‌కు. దూది ఏకడం ఎవరికీ రాదు కాబట్టి విల్లు మళ్లీ అటకెక్కింది, మహబూబ్ లెక్కలోకే. ఎనుము గిద్దలూరు సమాధి పేరుకు మారింది గానీ ఉండేది ఆ వాకిట్లోనే. లైట్ల పట్టీ వేపకొమ్మకు వేలాడుతుంది, గంధం వంటలప్పుడు వెలుగుతుంది. నాకు మడత కుర్చీ వచ్చింది.

ఓబులేసుకు ఏమీ రాలేదు.

ఏటా గంధానికి ముందు ఆదివారం పానాల పెట్టె తెచ్చుకుని వస్తాడు. ఒకసారి ఉండబట్టలేక అతనితోనే అనేశాను, అందరికీ ఏదో ఒకటి ఇచ్చాడు, నీకే ఏమీ ఇవ్వలేదే అని.

ఓబులేసు గోనెసంచి పరిచి మహబూబ్‌ను కిందికి పంపుతున్నాడు. "సార్, ఆయిల్ సీసా తీసుకోండి. వెనక ఎడమ చక్రం నుంచి మొదలుపెడదాం," అన్నాడు. పైకెక్కి, కూర్చుని, పెడల్ మీద కాలు పెట్టాడు.